మోకాలి కింద కాలు పోయిన మాజీ హవల్దారు: వదులైన సాకెట్, 50 శాతం పింఛను, బీపీ మీద అప్పీలు

గోదారి_గట్టు అడిగినది:

నమస్కారమండీ. మా అన్నయ్య ఆర్టిలరీలో హవల్దారు, 2019లో రిలీజయ్యాడు. డ్యూటీలో బండి బోల్తాపడి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత ‘లో మెడికల్ కేటగిరీ’ (తగ్గించిన ఆరోగ్య శ్రేణి)లోనే మిగతా సర్వీసు పూర్తిచేశాడు. రిలీజ్ మెడికల్ బోర్డు కాగితంలో కాలికి 40, బీపీకి 30, కాంపోజిట్ (రెండూ కలిపిన లెక్క) 60 శాతం, జీవితకాలానికి అని రాసి ఉంది. కాలు సర్వీసు వల్లేనని ఒప్పుకున్నారు, బీపీకి సర్వీసుతో సంబంధం లేదన్నారు. డిజేబిలిటీ పింఛను 50 శాతం లెక్కన వస్తోంది.

ఇప్పుడు కృత్రిమ కాలు వదులైంది. సాక్సుల మీద సాక్సులు వేసుకుంటున్నాడు, స్టంప్ (కోత తర్వాత మిగిలిన కాలు) చివర పుండు పడింది. కొత్తది ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) ఇస్తారా, పూణే వెళ్లాలా? బీపీని కలిపించుకోవడానికి ఇప్పుడు అప్పీలు చెయ్యొచ్చా? ఇంకోటి, సదరం (వైకల్య సర్టిఫికెట్) క్యాంపుకు ఆర్మీ కాగితం పట్టుకెళ్తే కుదరదన్నారు, అది నిజమేనా?

ఆర్థోటిక్స్_బెంచి:

ముందు పుండు సంగతి. అది మానేదాకా కాలు తొడగనివ్వకండి. నొప్పి ఓర్చుకుని నడిచేవాళ్లే ఎక్కువ, చిన్న పొక్కు ఎముకదాకా పోయేది అలాగే. చంక కర్రలు వాడమనండి. బీపీ ఉందన్నారు కాబట్టి షుగర్ కూడా ఒకసారి చూపించండి. షుగర్ ఉంటే స్టంప్‌కి స్పర్శ తగ్గి, పుండు పడిన సంగతే ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక కారణం. మోకాలి కింద సాకెట్‌లో (కృత్రిమ కాలిలో స్టంప్ దూరే గిన్నెలాంటి భాగం) బరువు ప్రధానంగా మోకాలిచిప్ప కింది స్నాయువు (టెండన్) మీద పడాలి. స్టంప్ చివర మీద, కాలి ముందు ఎముక అంచు మీద, బయటి పక్కన ఉండే ఎముక బొడిపె మీద పడకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ స్టంప్ కండ తగ్గుతుంది, కాలు సాకెట్‌లోకి జారుతుంది, చివర అడుగుకు కొట్టుకుంటుంది. పుండు చివరే పడిందంటున్నారు కాబట్టి మీవాళ్లది ఇదే అయ్యుండాలి.

సాక్సులు వేసుకోవడం తప్పు కాదు, దాన్ని లెక్కతో చెయ్యాలి. 1, 3, 5 ప్లైలలో (ప్లై అంటే సాక్సు మందం లెక్క) దొరుకుతాయి. పొద్దున ఒకలా, సాయంత్రానికి స్టంప్ ఇంకాస్త తగ్గి ఇంకోలా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఒకటి కలుపుకోవడం మామూలే. మొత్తం కలిపి 10 ప్లై దగ్గరికి వచ్చిందంటే మాత్రం ఇక సాక్సులతో పని కాదు, సాకెట్ మార్చాల్సిందే. అంత మందంలో సాకెట్ ఆకారమే పోతుంది, బరువు పడాల్సిన చోట పడదు. పాత బనీను గుడ్డలు, దూది కుక్కడం అసలు వద్దు, మడత పడిన ప్రతిచోటా పొక్కే.

పుండు మానాక ఒక పరీక్ష చేసుకోండి. పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే గోలీకాయంత తీసుకుని, పలచటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి సాకెట్ అడుగున పెట్టి, ఎప్పటిలాగే సాక్సులతో తొడుక్కుని కాసేపు బరువేసి నిలబడమనండి. తీసి చూస్తే అప్పచ్చిలా పూర్తిగా అణిగిపోయి ఉంటే చివర తగులుతున్నట్టు. అసలు నొక్కే పడకపోతే సాక్సులు ఎక్కువై కాలు పైనే ఆగిపోయినట్టు. కొంచెం అణగాలి, అంతే. పిన్ లాక్ ఉన్న లైనర్ (స్టంప్ మీద వేసుకునే మెత్తటి తొడుగు) అయితే ఇది కుదరదు, అప్పుడు టిక్కు టిక్కుమనే చప్పుళ్లు లెక్కపెట్టాలి. మునుపటికంటే ఎక్కువ వినిపిస్తే కాలు లోపలికి దిగుతోందని అర్థం.

కాలు తీసిన ప్రతిసారీ స్టంప్‌ని అద్దంలో చూసుకోవాలి. ఎర్రబడ్డ చోటు పది, ఇరవై నిమిషాల్లో మామూలు రంగుకు రాకపోతే అక్కడ ఒత్తిడి తప్పుగా పడుతున్నట్టే. లైనర్ రోజూ రాత్రి తక్కువ ఘాటు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. తొడిగే ముందు పౌడరు, నూనె, క్రీము ఏదీ రాయకూడదు. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకోకూడదు. హాయిగా ఉంటుందని అందరూ పెట్టుకుంటారు, కొన్ని నెలలకు మోకాలు వంగి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి కాలు ఇచ్చినా నడక కుదరదు.

పాలిక్లినిక్_కౌంటర్:

ఈసీహెచ్‌ఎస్ ద్వారానే వెళ్లండి. అన్నయ్యగారు స్వయంగా కార్డుతో పాలిక్లినిక్‌కు వెళ్లి మెడికల్ ఆఫీసరుకు స్టంప్ చూపించాలి. పుండుకు ముందు సర్జన్‌కి రిఫరల్ రాయించుకోండి. మానాక సాకెట్ కోసం పూణేలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కు రిఫరల్ అడగండి. 1944 నుంచీ నడుస్తున్న సంస్థ అది, సైన్యంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్ల కోసమే పెట్టారు. మొదటి కాలు అక్కడే ఇచ్చి ఉంటారు కాబట్టి పాత రికార్డు కూడా దొరుకుతుంది. తేదీ ఖాయం చేసుకోకుండా రైలెక్కకండి. కొలత, అచ్చు, ట్రయల్, నడక సరిచెయ్యడం అన్నీ ఒక్కరోజులో అయ్యే పని కాదు, బస కూడా ముందే అడిగి పెట్టుకోండి.

వెంట తీసుకెళ్లాల్సినవి ఈసీహెచ్‌ఎస్ కార్డు, రిఫరల్, పీపీఓ (పింఛను ఉత్తర్వు), డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాపీ. వాటితోపాటు పాత కాలు, ఇప్పుడు వేసుకుంటున్న సాక్సులన్నీ.

చాలామంది ఎక్కడ నష్టపోతారంటే, బయట ప్రైవేటు షాపులో లక్షలు పోసి కార్బన్ పాదం కొనుక్కొచ్చి బిల్లు పెడతారు. ముందస్తు అనుమతి లేకుండా కొన్నది వెనక్కి రావడమే కష్టం, వచ్చినా సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) రేటు మేరకే. మిగతాది సొంత జేబులోంచే.

పుండు చీము పట్టి జ్వరమొస్తే రిఫరల్ కోసం ఆగొద్దు. ఎంప్యానెల్డ్ (ఈసీహెచ్‌ఎస్ జాబితాలో ఉన్న) ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లి కార్డు చూపిస్తే చాలు, పాలిక్లినిక్‌కు సమాచారం ఆసుపత్రే పంపాలి. దగ్గర్లో ఎంప్యానెల్డ్ లేక మరో ఆసుపత్రిలో చేరితే మాత్రం 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు తెలియజేసే బాధ్యత మీది. ఫోన్ చేసి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టండి, తర్వాత క్లెయిమ్‌లో చూపించడానికి ఆధారం ఉంటుంది.

ఆర్థోటిక్స్_బెంచి:

పైదానికి ఒక్క మాట కలుపుతాను. రోజూ వేసుకునే బూట్లు లేదా చెప్పులు తప్పకుండా తీసుకెళ్లాలి. పాదం కోణం మడమ ఎత్తును బట్టి అమరుస్తారు. పూణేలో మందపాటి మడమ బూటుతో సరిచేయించుకుని ఇంటికొచ్చి పలచటి చెప్పు వేస్తే, అడుగు వేసినప్పుడల్లా మోకాలు వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. కాలిది తప్పనుకుంటారు.

పీపీఓ_చదువరి:

అప్పీలు సంగతి నేను చెప్తాను. ముందు డబ్బు లెక్క చూస్తే ఎందుకు పోరాడాలో తెలుస్తుంది.

డిజేబిలిటీ ఎలిమెంట్ (పింఛనులో వైకల్యానికి ఇచ్చే భాగం) 100 శాతం వైకల్యానికి చివరి ఎమాల్యుమెంట్స్‌లో 30 శాతం. ఎమాల్యుమెంట్స్ అంటే బేసిక్, మిలిటరీ సర్వీస్ పే 5,200, క్లాసిఫికేషన్ అలవెన్సు ఉంటే అది. లెక్క కోసం మొత్తం 40,000 అనుకుందాం. 100 శాతానికి 12,000. బోర్డు కాలికి 40 రాసినా బ్రాడ్‌బ్యాండింగ్ (శాతాన్ని పై మెట్టుకు పెంచి లెక్కించడం) వల్ల 50గా తీసుకున్నారు, అందుకే 6,000, దానిపైన డీఆర్ (కరువు భత్యం). పద్ధతి ఇది: 50 కంటే తక్కువైతే 50, 50 నుంచి 75 లోపు 75, ఆపైన 100. సర్వీసు పూర్తిచేసి రిలీజైనవాళ్లకు మొదట దీన్ని ఇవ్వలేదు. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు రామ్ అవతార్ కేసులో వాళ్లకూ వర్తిస్తుందని తేల్చింది.

బీపీ కూడా ఒప్పుకుంటే మీ కాంపోజిట్ 60, అది 75 అవుతుంది, అంటే 9,000. నెలకు 3,000, దాని మీద డీఆర్, జీవితాంతం. 40కి 30 కలిపితే 70 కావాలి కదా అని అడగొద్దు, కాంపోజిట్‌లో నేరుగా కూడరు. ఒక వైకల్యం తీసేశాక మిగిలిన సామర్థ్యం మీద రెండోది లెక్కేస్తారు.

ఇప్పుడు కాగితం తీయండి. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 (రిలీజ్ మెడికల్ బోర్డు) ఫారంలో మొదటి భాగంలో పోస్టింగుల పట్టిక ఉంటుంది, ప్రతి చోటుకూ ఫీల్డో (ఆపరేషన్ ప్రాంతం) పీసో (ప్రశాంత ప్రాంతం) రాసి ఉంటుంది. బీపీ మొదట ఎప్పుడు, ఎక్కడ బయటపడిందో ఇంకో చోట రాస్తారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫీల్డ్‌లో గానీ, హై ఆల్టిట్యూడ్‌లో గానీ, తీవ్రవాద వ్యతిరేక విధుల్లో గానీ ఉన్నప్పుడు మొదలైతే సర్వీసు వల్ల ముదిరినట్టు ఒప్పుకోవాలని సైన్యం మెడికల్ ఆఫీసర్ల గైడే చెబుతుంది, 2008 సవరణలో 43వ పేరా. పీస్ స్టేషన్‌లో బయటపడిందని తిరస్కరించారంటే అంతటితో అయిపోలేదు. చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు లేకపోతే, సర్వీసుతో సంబంధం ఎందుకు లేదో బోర్డే కారణం రాయాలి, సందేహం ఉంటే లాభం సైనికుడికే. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ‘జీవనశైలి జబ్బు’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన బోర్డులు చాలా ఉన్నాయి, అప్పీలులో మొదట పట్టుకోవాల్సింది దాన్నే.

అన్నట్టు, 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి, వాటిలో దీన్ని ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. మీవాళ్లు 2019లోనే రిలీజయ్యారు కాబట్టి వాళ్లకు పాత నియమాలే. వాట్సాప్‌లో తిరిగే కొత్త ఫార్మాట్లు చూసి కంగారు పడకండి.

గోదారి_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. సాక్సులు లెక్కపెడితే 11 ప్లై వచ్చింది, కాలు తీయించేశాను. పట్టికలో 2013 నుంచి రెండేళ్లు ఫీల్డ్, బీపీ బయటపడింది ఆ వెంటనే వచ్చిన పీస్ స్టేషన్‌లో. తిరస్కరిస్తూ వచ్చిన లెటరులో ఆరు నెలల్లో అప్పీలు చెయ్యాలని ఉంది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. గడువు దాటిపోయినట్టేనా?

పీపీఓ_చదువరి:

దాటింది, కానీ తలుపు మూసుకుపోలేదు. పింఛను నెలనెలా వచ్చేది కాబట్టి తక్కువ ఇస్తున్న ప్రతి నెలా కొత్త నష్టమే. ఆలస్యాన్ని మన్నించమని అడుగుతూ మొదటి అప్పీలు రికార్డ్స్ ఆఫీసు ద్వారా పెట్టండి, మీకైతే నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్. తిరస్కరిస్తే ఆరు నెలల్లోపు రెండో అప్పీలు. అదీ పోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆగక్కర్లేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. గెలిచినా పాత బకాయిలు సాధారణంగా దరఖాస్తుకు ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు, తర్సేమ్ సింగ్ కేసు 2008లో వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. అంటే మీరు ఆగే ప్రతి నెలా వెనక ఒక నెల బకాయి రాలిపోతోంది.

ఫీల్డ్ నుంచి వచ్చిన వెంటనే బయటపడటం మీకు మంచి పాయింటే. ఫీల్డ్‌లో ఉండగా జరిగిన ఏటా మెడికల్‌లో బీపీ రీడింగులు ఏముంటే అవి కావాలి. అవి పెరుగుతూ వచ్చినట్టు కనిపిస్తే జబ్బు అక్కడే మొదలైందని చెప్పొచ్చు. మెడికల్ కాగితాలు లేకపోతే రికార్డ్స్‌కు ఆర్టీఐ పెట్టండి, ఫీజు 10 రూపాయలు. ఒక జాగ్రత్త, దరఖాస్తు అన్నయ్యగారి పేరుతో, సంతకంతోనే వెళ్లాలి. తమ్ముడు పెడితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు.

జిల్లా_బోర్డు_బల్ల:

సదరం గురించి. వాళ్లు చెప్పింది నిజమే. సైన్యం శాతం పింఛను కోసం, సదరం శాతం 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద, రెండింటికీ కొలత పద్ధతే వేరు. ఆర్మీ కాగితం జతచెయ్యండి, కానీ డాక్టర్లు కాలు చూసి కొత్తగా రాస్తారు. స్లాట్ బుక్ చేసుకుని ఆధార్‌తో వెళ్లాలి. చట్టం కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం కావాలి. అక్కడ 50 పింఛను వస్తోంది కదా, నాకు 50 శాతం వైకల్యం అని వాదించకండి. బ్రాడ్‌బ్యాండింగ్ డబ్బు లెక్కకే, ఆర్మీ బోర్డు కాగితంలో కాలి శాతం 40 అలాగే ఉంటుంది. స్కీములకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా ఈ తేడా వల్లే తిరిగొస్తాయి.

మరో మాట, ఎవరైనా స్కూటర్ స్కీము గురించి చెబితే ఫారం నింపే ముందు చదవండి. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే మార్చిన స్కూటరు సర్వీసు ముగిశాక 50 శాతం, ఆపైన వైకల్యం వచ్చినవాళ్లకు. సర్వీసులోనే గాయపడ్డ మీ అన్నయ్యగారు ఆ లెక్కలోకి రారు. వాళ్లలాంటివాళ్ల సంగతి ఆర్మీ ఏజీ బ్రాంచి (అడ్జుటెంట్ జనరల్ విభాగం) వైపు నుంచి చూస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగేటప్పుడు గాయం సర్వీసులో జరిగిందని మొదటి వాక్యంలోనే చెప్పండి, లేకపోతే తప్పు ఫారం చేతిలో పెట్టి పంపేస్తారు.