బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఊరివాళ్లే పోసుకోవచ్చా?

వార్డు మెంబర్: బడి ముందు ఆర్ అండ్ బీ రోడ్డు. అర్జీ కదలడం లేదు. సీసీ రోడ్డు పనిలో మిగిలిన కాంక్రీటుతో అడ్డంగా పోసేద్దామని ఊరంతా అంటున్నారు. తప్పేంటి?

రోడ్ల ఇంజినీర్: వద్దండి. బండిని నెమ్మదింపజేసేది ఎత్తు కాదు, వంపు. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 కొలత ప్రకారం బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటొచ్చు, మించితే కుదుపు. ఊళ్లలో పోసేదేమో అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. జోరుగా వచ్చే కారుకు ఆ కుదుపును టైర్లు, స్ప్రింగులే చాలావరకు మింగేస్తాయి. మెల్లగా వచ్చే స్కూటీ వెనక కూర్చున్న మనిషే ఎగిరిపడుతుంది.

ఆటో డ్రైవర్: కొలతలు సరే సార్. ఈలోపు పిల్లలకు ఏమైనా అయితే? గతుకైనా బండి ఆగుతుంది కదా!

రోడ్ల ఇంజినీర్: పగలు ఆగుతుంది. తెల్ల చారలు, 40 మీటర్ల ముందు బోర్డు లేకపోతే రాత్రి దాని మీదే పడతారు. పల్లం చూడకుండా పోస్తే పైవైపు నీళ్లు నిలిచి తారు లేచి, దాని ముందే గుంత పడుతుంది. నీళ్లకని అంచు వదిలితే బైకులు అటు దిగి, నడిచేవాళ్ల మీదికొస్తాయి. జాతీయ రహదారి మీదైతే ఆలోచనే వద్దు, అక్కడివి తీసేయమని 2016లో కేంద్రమే చెప్పింది. ఊరి దారి హైవేలో కలిసే చోట ఊరి దారి మీద వేయాలి.

పంచాయతీ కార్యదర్శి: అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మలుపులో సర్కారు తుమ్మ కొట్టించండి, బడి దగ్గర దీపం వెలిగించండి, ట్రాలీల వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించండి. వడ్లు రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టడం మాత్రం వెంటనే ఆపాలి. చీకట్లో ఆ రాళ్లు ప్రాణాలు తీస్తాయి. అర్జీకి గ్రామసభ తీర్మానం, కిలోమీటరు రాయి నంబరు, పాత ప్రమాదాల ఎఫ్‌ఐఆర్ నంబర్లు జతచేసి ఆర్ అండ్ బీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి ఇచ్చి రసీదు తీసుకోండి.

వార్డు మెంబర్: ఏఈ ఒప్పుకుంటే ఖర్చు పంచాయతీదే. మేస్త్రీకి వంపు ఎలా చెప్పాలి?

రోడ్ల ఇంజినీర్: ప్లైవుడ్ అచ్చు కోయించండి. మధ్యలో 10, అక్కడి నుంచి అర మీటరు దూరాన 9.3, మీటరు దూరాన 7, మీటరున్నర దూరాన 3.4 సెంటీమీటర్లు. అంచు రోడ్డుతో సమానం కావాలి. కాంక్రీటు కాదు, తారు మిక్స్‌తోనే వేయించండి.