పెద్ద పండక్కి వారం ఆగి ఊరెళ్తే తప్పేంటి?

చీపురుపల్లి_ప్యాసింజర్:
హైదరాబాద్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఊరు చీపురుపల్లి దగ్గర. రైలు బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు (2024 నవంబర్ 1కి ముందు 120 రోజులుండేది). పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, భోగి ముందు రోజుకి చూస్తుండగానే వెయిటింగ్ లిస్టు. ప్రైవేటు బస్సువాళ్ళు రెండింతలు చెప్తారు. తెలంగాణ ఆర్టీసీ స్పెషల్ ఎక్కితే చార్జీ మీద 50 శాతం దాకా అదనం. అందుకే ఈసారి పండగైన వారానికి వెళ్దామనుకుంటున్నాం. అదే ఇల్లు, అదే అమ్మానాన్న, టికెట్ మామూలు ధరకి. ఈ మాట చెప్తే మా నాన్న ఫోన్ పెట్టేశారు. తప్పేంటో మీరైనా చెప్పండి.

బొబ్బిలి_మాస్టారు:
నాయనా, సంక్రాంతి నాడు మన వైపు పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. పోయినవాళ్ళని తలుచుకుని కొత్త బట్టలు, వండినవన్నీ వాళ్ళ ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. ఆ రోజుకి కొడుకులు ఇంట్లో ఉండాలి. మీ టికెట్ రేటు తగ్గేదాకా పెద్దలు ఆగుతారా? మా రోజుల్లో జనరల్ బోగీలో నిలబడి వచ్చేవాళ్ళం.

చీపురుపల్లి_ప్యాసింజర్:
మాస్టారూ, మీరు ఒక్కరే నిలబడి వచ్చి ఉంటారు. పిల్లలతో ఆ జనరల్ బోగీలో ఎక్కడం అయ్యే పనేనా? పెద్దలకి మా అన్నయ్య పెడతాడు, ఊళ్ళోనే ఉంటాడు.

రాజాం_కుర్రోడు:
అన్నా, వెళ్ళేటప్పుడు నాలుగు రోజులు ముందు వెళ్ళిపో, వచ్చేటప్పుడు కనుమ రాత్రి ఎక్కు. ఆ రోజు కొంచెం ఖాళీలుంటాయి. మర్నాటి నుంచి మళ్ళీ కిటకిట.

బొబ్బిలి_మాస్టారు:
కనుమ నాడా? కనుమ నాడు కాకైనా కదలదు అన్నారు. ఆ రోజు ప్రయాణం పనికిరాదు.

రాజాం_కుర్రోడు:
కాకులకి రిజర్వేషన్ అక్కర్లేదు లెండి మాస్టారూ.

బొబ్బిలి_మాస్టారు:
వెటకారం వద్దు. ఆ మాట ఊరికే పుట్టలేదు. పశువులకి విశ్రాంతి ఇచ్చే రోజది, బండి కట్టరు. కనుమ నాడు మినుము తినాలి, ఇంటిల్లిపాదీ కూర్చుని గారెలు తినాలి.

రాజాం_కుర్రోడు:
రైలుకి ఎడ్లు కట్టరు కదండీ.

నాగావళి_గట్టు:
కాకిని కాసేపు వదిలేయండి. డబ్బు మిగలాలంటే ముక్కలుగా రండి. విజయవాడ దాకా ఏదో ఒకటి దొరుకుతుంది, అక్కడి నుంచి రత్నాచల్‌లో విశాఖ, కాంప్లెక్స్‌లో బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉంది కాబట్టి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితం. నాన్‌స్టాప్ ఎక్కితే మాత్రం టికెట్ కొట్టాల్సిందే.

చీపురుపల్లి_ప్యాసింజర్:
మా ఆవిడ ఆధార్ హైదరాబాద్ అడ్రస్‌కి మార్చేశాం. ఆంధ్రా వాళ్ళకే కదా ఉచితం. పైగా మూడు బళ్ళు మారడం, చేతిలో సంచులు, చిన్నోడికి బస్సంటే వాంతులు.

ఆమదాలవలస_జంక్షన్:
పిల్లలు 5 నుంచి 12 ఏళ్ళలోపు వాళ్ళయితే బెర్తు వద్దని పెట్టండి, సగం చార్జీయే. బెర్తు కావాలంటే పూర్తి టికెట్ పడుతుంది. తత్కాల్ ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. పండగ రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకుంటే టెన్షనే.

పెద్దకోడలు:
పొద్దుట్నుంచీ చదువుతున్నాను. టికెట్లు, బెర్తులు, కాకులు. వచ్చాక తినేది ఎవరు వండుతారో, దాని ఖర్చు ఎవరు పెడతారో ఒక్కరైనా అడగలేదు.
నేను ఊళ్ళో ఉండే కోడల్ని. అరిసెలకి ముందు రోజు బియ్యం నానబోస్తాం. పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి, పాకం కాస్త ముదిరినా రాయి, లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డు తిప్పాలి. మా ఇంట్లో ఆ రెండోవాళ్ళు ఎవరూ ఉండరు, తోటికోడళ్ళు భోగి మంట ఆరాక దిగుతారు. బెల్లం, నూనె, నువ్వులు, కనుమకి మటన్, అన్నీ మా ఆయన జేబులోంచే. మరుదులు ఒక మిఠాయి డబ్బా తెస్తారు. వెళ్ళేటప్పుడు అరిసెలు, జంతికలు స్టీలు డబ్బాల్లో సర్దుకుని వెళ్తారు. ఆ డబ్బాలు కూడా తిరిగి రావు.
ఇప్పుడు వీరు వారం తర్వాత వస్తారట. అంటే నేను పండగ రెండుసార్లు వండాలి. ఆయనకి టికెట్ డబ్బు మిగులుతుంది, నాకు ఇంకో గ్యాస్ బండ అయిపోతుంది.

రాజాం_కుర్రోడు:
వదినా, దండాలు.

చీపురుపల్లి_ప్యాసింజర్:
అమ్మా, రెండుసార్లు వండమని ఎవరన్నారు? పప్పన్నం పెట్టినా తింటాం. నేను నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాను.

పెద్దకోడలు:
ఏడాదికోసారి వచ్చిన మనవలకి పప్పన్నం పెట్టమని మీ అమ్మగారితో చెప్పి చూడండి. నెలనెలా పంపేది ఎంతో, అది మందులకే సరిపోతోందో లేదో ఎప్పుడైనా అడిగారా?

చీపురుపల్లి_ప్యాసింజర్:
ఒక్క మాట. మీరు మా వదిన కాదు కదా?

పెద్దకోడలు:
కాదు. మాది నరసన్నపేట అవతల. మీకు అనుమానం వచ్చిందంటే మీ ఇంట్లో సంగతీ ఇదేనన్నమాట.

గరివిడి_రవ్వ:
😂😂

పాలకొండ_పిల్ల:
మా వీధిలో నాలుగిళ్ళు కలిసి మేకని కొని కోయించి వాటాలు వేసుకుంటాం. కొట్లో కిలోల లెక్కన కొనేదానికంటే బాగా కలిసొస్తుంది. హైదరాబాద్ వాళ్ళ వాటా డబ్బు మా తమ్ముడు ముందే ఫోన్‌పే చేయించేసుకుంటాడు. పంపకపోతే పులుసే, ముక్కలుండవు.

బొబ్బిలి_మాస్టారు:
సొంత అన్నదమ్ముల దగ్గర మటన్ ముక్కకి లెక్కా? ఛీ.

పెద్దకోడలు:
మాస్టారూ, మీ ఇంట్లో సరుకుల చీటీ ఎవరు రాస్తారు?

బొబ్బిలి_మాస్టారు:
మా కోడలు. అయినా అది వేరే సంగతి. నేను చెప్పేది కనుమ నాటి ప్రయాణం గురించి.

చీపురుపల్లి_ప్యాసింజర్:
లెక్కలంటున్నారు కాబట్టి నేనూ చెప్తాను. మా నాన్న పొలం అంతా అన్నయ్యే చేస్తున్నాడు. పంపకాలు కాలేదు. బస్తా బియ్యం మా ఇంటికి వచ్చింది లేదు. నేను ఏనాడూ అడగలేదు. ఇంటికి రేకులు మార్చినప్పుడు సగం నేనే ఇచ్చాను. అలాంటప్పుడు పండగ నాలుగు పూటలు తిన్నందుకు నన్ను చుట్టంలా లెక్కగడితే బాధేయదా? ఇల్లు నాది కూడా.

పెద్దకోడలు:
అదీ, ఇప్పుడు చెప్పారు. ఇల్లు మీది కూడా, చాకిరీ మాత్రం మీది కాదు. మీరు పొలం గురించి అడగలేదు, మేం పండగ గురించి అడగలేదు. ఇద్దరం అడక్కుండా ఏటేటా అరిసెలు తింటున్నాం.
ఇంకో సంగతి. సంక్రాంతికి ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళాలంటారు. మా ఆడపడుచు ఏటా వస్తుంది. మీ ఆవిడ సంగతి నాకు తెలీదు. నేను మాత్రం పెళ్ళయిన మొదటి పండక్కి తప్ప మళ్ళీ భోగికి మా అమ్మ ఇంట్లో లేను. ఎందుకంటే ఇక్కడికి అందరూ వస్తారు. మూడు రోజులూ ఎలాగూ కుదరదని పండగైన వారానికైనా వెళ్దామనుకుంటాను. ఇప్పుడు ఆ వారం మీ టికెట్ చవగ్గా దొరికిందని మీరు వస్తున్నారు.

నాగావళి_గట్టు:
ఈ లెక్క నా తలకే తట్టలేదు.

చీపురుపల్లి_ప్యాసింజర్:
మా వదినది పార్వతీపురం దగ్గర. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదండీ.

పెద్దకోడలు:
మీరు అడిగారా?

చీపురుపల్లి_ప్యాసింజర్:
ఇప్పుడే ఫోన్ చేశాను. మొదట "మీ ఇష్టం" అంది. పుట్టింటికి వెళ్తారా అని అడిగితే కాసేపు ఊరుకుని, "కనుమ పొద్దున్న వెళ్తాను, అత్తయ్యగారికి వంట ఎవరు చూస్తారో మీరు మాట్లాడుకోండి" అంది. మా ఆవిడేమో నన్ను అడక్కుండా ఒప్పుకున్నావేంటి అంటోంది. ఆవిడ పుట్టిల్లు కూడా విజయనగరమే.

రాజాం_కుర్రోడు:
కనుమ నాడు ప్రయాణం! మాస్టారూ, వినబడిందా?

బొబ్బిలి_మాస్టారు:
ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం ప్రయాణం కింద రాదు.

పెద్దకోడలు:
మాస్టారూ, ఈ ముక్క రాతపూర్వకంగా ఇవ్వండి, మా మామయ్యగారికి చూపిస్తాను. ప్యాసింజర్ గారూ, మీరు వారం తర్వాతే వెళ్ళండి, తప్పులేదు. నూనె, బెల్లం డబ్బు మాత్రం మీ వదినకే పంపండి, మీ అన్నయ్యకి కాదు. డబ్బాలు ఖాళీవి వెనక్కి పట్టుకెళ్ళండి.