కథకి విషయం మీకు ఎక్కడ దొరుకుతుంది?

కొత్త కలం:
ఏడాదిగా కథ రాద్దామని కూర్చుంటున్నాను. పొద్దున ఆఫీసు, సాయంత్రం ఇల్లు. ఇందులో కథ ఎక్కడుందో కనిపించడం లేదు. మీకెలా తడుతుందో చెప్పండి.

పల్లెవెలుగు:
నాకు బస్సులోనే. రోజూ సాయంత్రం బడి అయ్యాక విజయనగరం నుంచి గజపతినగరం వెళ్తాను. మొన్న పక్క సీట్లో ఒక ముసలావిడ, ఒళ్లో ఖాళీ స్టీలు క్యారియర్. ఆసుపత్రిలో ఉన్న కొడుక్కి అన్నం తీసుకెళ్లిందట. "వాడు ముట్టలేదు బాబూ. పారబోయడానికి మనసొప్పక నేనే తినేశాను. కడుపు నిండింది, అదే సిగ్గుగా ఉంది" అంది. ఆ మాట టిక్కెట్టు వెనక రాసుకున్నాను. నెలైంది, ఇంకా కథ కాలేదు. వదలను కూడా.

అన్నట్టు, శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, ఒకసారి చూడండి. పాత పత్రికలు తిరగేస్తే పొలం గట్టు, అప్పు, అత్తగారిల్లు వీటి మీదే ఎన్ని కథలో!

సరోజ:
నాకైతే అమ్మ పద్దుల పుస్తకం. పాలు, కిరసనాయిలు, ఉల్లిపాయల మధ్యలో ఒక లైను: "తమ్ముడికి మనియార్డరు 40 రూ. ఈయనకి చెప్పలేదు." అమ్మ పోయాక చదివాను. ఆ డబ్బు ఎలా మిగిల్చిందో ఊహిస్తూ రాసిందే నా మొదటి కథ.

కొత్త కలం:
సరోజగారూ, ఇవాళే మా అమ్మమ్మ ట్రంకుపెట్టె తీస్తాను. పల్లెవెలుగుగారూ, ఆవిడ ఎక్కడ దిగారు?

పల్లెవెలుగు:
మా ఊరికి ముందే, చింతచెట్టు దగ్గర. క్యారియర్‌ని రెండు చేతులతో పట్టుకుని దిగింది.