‘ఫ్లెక్సిబిలిటీ’కి ఒక్క తెలుగు మాట చాలదా?

పదాలవేట
ఇంటర్ పిల్లల కోసం ఏ చదువులో ఏముంటుందో చెప్పే తెలుగు పుస్తకం ఒకటి తయారవుతోంది, దాని పదకోశం నా నెత్తిన పడింది. ఇంగ్లిష్ మూలంలో ‘ఫ్లెక్సిబిలిటీ’ పదకొండు చోట్ల ఉంది. ఫిజియోథెరపీలో, సివిల్ ఇంజినీరింగ్‌లో, రాజనీతిలో, ఎకనామిక్స్‌లో, ఆఖరికి ‘ఉద్యోగికి ఉండాల్సిన లక్షణాలు’ అధ్యాయంలో కూడా. నేను అన్నిచోట్లా ‘నమ్యత’ (వంగే గుణం) అని పెట్టేశా. ‘ఇది ఎవరి నోట్లో తిరుగుతుందండీ?’ అని పక్కన ఎర్రసిరాతో రాసి సంపాదకురాలు వెనక్కి పంపారు. నా వాదన ఒకటే. ఇంగ్లిష్ వాడికి ఒక్క మాటతో గడుస్తున్నప్పుడు మనకు రంగానికో మాట ఎందుకు? ఒకటి స్థిరపడితే పిల్లాడు ఇక్కడ నేర్చుకున్నది అక్కడ గుర్తుపడతాడు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రేగడిరోడ్డు
గుర్తుపడతాడు సార్, తప్పుగా గుర్తుపడతాడు. రోడ్ల పనిలో ఇరవై రెండేళ్ల నుంచి ఉన్నా. మా లెక్కలో తారురోడ్డు ‘ఫ్లెక్సిబుల్ పేవ్‌మెంట్’, సిమెంటు రోడ్డు ‘రిజిడ్’. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలే వేరు, తారుకి ఐఆర్‌సీ 37, సిమెంటుకి 58. ‘నమ్యత గల రోడ్డు’ అని చదివినవాడు రబ్బరులా వంగి మళ్లీ లేస్తుందనుకుంటాడు. ఒక్కో చక్రానికి వెంట్రుకవాసి వంగి లేస్తుంది, నిజమే. కానీ ఆ పేరు దాని కోసం పెట్టింది కాదు. లారీ బరువు తారు నుంచి కంకరకి, కంకర నుంచి మట్టికి, రాయి నుంచి రాయికి దిగుతూ వెడల్పవుతుంది. కింద మట్టి కుంగితే పైన తారూ దాంతోపాటే కుంగుతుంది. అందుకని ఫ్లెక్సిబుల్.

నల్లరేగడి మీద వేసిన రోడ్డు ఒకసారి దిగి చూడండి. వానకి మట్టి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. రెండు మూడేళ్లలో రోడ్డు అలలు పోతుంది, చక్రాలు నడిచే చోట గాడి పడుతుంది. మా దగ్గర ఒకచోట ఆ గాడిలో చెయ్యి పెడితే నాలుగు వేళ్లు మునిగాయి. అది మళ్లీ పైకి రాదు. సిమెంటు పలక అలా కాదు. కింద చిన్న గుంట పడ్డా పైన వంతెనలా నిలబడుతుంది, నిలబడి నిలబడి ఒకరోజు అడ్డంగా పగులుతుంది.

పదాలవేట
తిరిగి రావడం అనేది ‘స్థితిస్థాపకత’ కదండీ, ఎలాస్టిసిటీ. ఆ మాట ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉంది. నేను అడిగింది వంగడం గురించి.

రేగడిరోడ్డు
రెంటినీ కలిపేసుకోవడమే జబ్బు. ఉక్కుకి రబ్బరు కంటే స్థితిస్థాపకత ఎక్కువ అని ఫిజిక్స్ మాస్టారు చెప్తే క్లాసంతా నవ్వుతుంది, గుర్తుందా? రబ్బరు సులువుగా వంగుతుంది, ఉక్కు సులువుగా వంగదు. అవి రెండు వేరు ప్రశ్నలు.

ఆసుపోసినోడు
ఇండ్ల నాకో మాట గుర్తొస్తున్నది. మాది నల్లగొండ దిక్కు, నాయిన మగ్గం నేసెటోడు. పొద్దుగాల ఎండ ముదరకముందే పడుగు వీధిల పొడుగ్గ చాపి గంజి పెట్టి కుంచెతోని దువ్వెటోళ్లు. గంజి తక్కువైతే పోగు బొచ్చు లేస్తది, నేసేటప్పుడు రాసుకొని తెగుతది. ఎక్కువైతే పుల్ల లెక్క అయితది, పుటుక్కున ఇరుగుతది. అందుకే గంజిల జర నూనె కలిపెటోళ్లు. పోగును రెండు వేళ్ల నడుమ పట్టుకొని చూసి ‘పదునుకొచ్చింది’ అనెటోడు మా నాయిన. పొలం దున్నెటోళ్లు గుడ గదే మాట అంటరు. నమ్యత గిమ్యత ఎవ్వలన్నది నేను ఇనలే.

పదాలవేట
‘పదును’ బాగుందన్నా. కానీ కత్తి పదును కూడా అదే మాట. ఫిజియోథెరపీ అధ్యాయంలో ‘నడుము పదును’ అని రాస్తే కొంప మునుగుతుంది.

అరమండి
ఆ అధ్యాయం నాకు వదిలేయండి. పద్దెనిమిదేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నా. తల్లిదండ్రులు పిల్లని తీసుకొచ్చి ముందు అనే మాట, ‘మొక్కై వంగనిది మానై వంగునా టీచర్, ఇప్పుడే బాగా వంచండి’ అని. ఆ సామెత నా పాలిట శాపం. కొందరు పిల్లలు చేరకముందే వంగుతారు. బొటనవేలు వెనక్కి లాగితే ముంజేతికి తగులుతుంది, నిలబడితే మోకాళ్లు వెనక్కి పోతాయి. చూసి అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం భయం. ఆ పిల్లలకి కావాల్సింది వంచడం కాదు, పట్టు. కీలు ఎంత దూరం పోతుందన్నది ఒకటి, పోయినచోట దాన్ని కండ ఆపగలదా అన్నది ఇంకొకటి.

మోకాళ్లు పక్కకి తెరిచి సగం కూర్చునే భంగిమ, అరమండి తీసుకోండి. తొడ తుంటి దగ్గర బయటికి తెరుచుకోవాలి, మోకాలు కాలివేళ్ల మీదికి రావాలి. తుంటి తెరుచుకోని పిల్ల పాదాలు మాత్రం బలవంతంగా పక్కకి తిప్పేస్తుంది. దూరం నుంచి చక్కగానే ఉంటుంది. దగ్గరకెళ్లి చూస్తే మోకాలు లోపలికి వాలి, అరికాలి ఒంపు నేలకి అతుక్కుని ఉంటుంది. ఆ మెలిక అంతా మోకాలు మోస్తుంది. నేను ‘సాగుదల’ అంటాను, పక్కనే ‘పట్టు’ అంటాను. విడిగా ఏదీ చెప్పను.

మూడోఅధికరణం
గ్రూప్స్‌కి చదువుతున్నా, అశోక్‌నగర్‌లో ఉంటా. మా పుస్తకాల్లో ఫ్లెక్సిబుల్ రాజ్యాంగం ‘అదృఢ’, రిజిడ్‌ది ‘దృఢ’. బ్రిటిష్ రాజనీతి పండితుడు జేమ్స్ బ్రైస్ చేసిన విభజన ఇది. బ్రిటన్‌లో మామూలు చట్టంతో మార్చుకోవచ్చు కాబట్టి అదృఢం. ‘అదృఢ’ అంటే వినడానికి బలహీనం అన్నట్టుంటుంది, అదే నా బాధ. మన రాజ్యాంగం ఏ గదిలోనూ ఇమడదు. 368వ అధికరణం కింద కొన్ని సవరణలకి మూడింట రెండొంతుల మెజారిటీ, ఇంకొన్నిటికి సగం రాష్ట్రాల ఆమోదం కూడా కావాలి. కానీ ఒక రాష్ట్రాన్ని రెండు చేయడానికి 3వ అధికరణం కింద సాధారణ మెజారిటీ చాలు. రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లు వద్దంది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది. దీన్ని మీ పదకోశం ఏమంటుంది?

గోదారిగట్టు
మా ఇంట్లో ఆ రోజు దాన్ని ఏమన్నారో ఇక్కడ రాస్తే అడ్మిన్ తీసేస్తాడు.

ఆసుపోసినోడు
మా ఇంట్ల గుడ ఏమన్నరో రాయనులే అన్నా. మిఠాయిలు మటుకు పంచినం.

మూడోఅధికరణం
నేను అడిగేది సరిగ్గా అదే. ఒకే వాక్యం ఒకరికి ద్వారం, ఇంకొకరికి కన్నం. మార్చడం తేలికైనంత మాత్రాన ఏదైనా మార్చొచ్చని కాదు. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు మౌలిక స్వరూపం ముట్టుకోవద్దని గీత గీశారు. అరమండి గారు చెప్పిన ‘పట్టు’ లాంటిదే.

అణాపైసా
ఎకనామిక్స్‌లో ‘వ్యాకోచత్వం’ (ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పేది) ఎలాస్టిసిటీకి, ఫ్లెక్సిబిలిటీకి కాదు. అక్కడ కూడా కలిపేయకండి. 2016లో చట్టం మార్చి ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 అని పెట్టారు. ‘ఫ్లెక్సిబుల్’ ఇన్‌ఫ్లేషన్ టార్గెటింగ్ అంటారు. వరుసగా మూడు త్రైమాసికాలు గీత దాటి ఉంటే రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ రాయాలి, 2022లో రాసింది కూడా. ఎంతవరకు అనేది ముందే రాసుంది.

నైట్‌షిఫ్ట్
అందరూ పుస్తకాల్లో ఉన్నారు, ఆ చివరి అధ్యాయం సంగతి నన్ను చెప్పనివ్వండి. నేను చేరిన చోట ఆఫర్ లెటర్‌లో ‘ఫ్లెక్సిబుల్ టైమింగ్స్’ అని ఉంది. సంబరపడ్డా, అమ్మని పొద్దున డయాలసిస్‌కి తీసుకెళ్లి మధ్యాహ్నం లాగిన్ అవ్వొచ్చని. మూడో వారం తెలిసింది, టైమింగ్స్ మారేది నా కోసం కాదు, క్లయింటు కోసం. రాత్రి పదింటికి మెసేజ్ వస్తుంది, ‘రేపు ఆరింటికి కాల్, కాస్త ఫ్లెక్సిబుల్‌గా ఉండండి’ అని. ఒక మంగళవారం కుదరదన్నా. అప్రైజల్‌లో ‘ఫ్లెక్సిబిలిటీ పెంచుకోవాలి’ అని వచ్చింది.

తెలుగులో దీనికి రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి మాస్టారూ. వెసులుబాటు, పట్టువిడుపు. వెసులుబాటు ఒకరు ఇస్తారు, ఇంకొకరు తీసుకుంటారు. పట్టువిడుపు ఇద్దరికీ ఉండాలి. ఇంగ్లిష్‌లో ఒకటే మాట కాబట్టే వెసులుబాటు అని చెప్పి చేర్చుకుని, పట్టువిడుపు లేదని మార్కులు కోశారు. ఆ లెటర్ తెలుగులో ఉండి ఉంటే నేను మొదటిరోజే అడిగేవాణ్ణి. మీరు ఆ పదకొండు చోట్లా ఒకే మాట పెడితే వాళ్ల పని మీరు చేసి పెట్టినట్టే.

గోదారిగట్టు
మా ఊళ్లో ఫ్లెక్సీ అంటే సెంటర్లో కట్టే బ్యానరే. ఎవరి పుట్టినరోజో, ఎవరి సంతాపమో. 2022లో ప్లాస్టిక్‌వి నిషేధిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది, పేరు మాత్రం పోలేదు.

పదాలవేట
రెండ్రోజులు ఆలస్యమైంది, క్షమించాలి. నా మొదటి వాదన వెనక్కి తీసుకుంటున్నా, పూర్తిగా కాదు. లోహాలూ ప్లాస్టిక్‌లూ ఉన్నచోట ‘నమ్యత’ ఉంచా, అక్కడ పిల్లలు ఎలాగూ ‘తాంతవత’ (తీగలా సాగే గుణం), ‘స్తరణీయత’ (రేకులా సాగే గుణం) చదివే వచ్చారు. రోడ్డుకి ‘ఫ్లెక్సిబుల్ పేవ్‌మెంట్’ అని తెలుగు లిపిలోనే వదిలేసి, కింద మట్టితో పాటు కుంగుతుందని ఒక వాక్యం చేర్చా. ఫిజియోథెరపీలో సాగుదల. ‘అదృఢ’ మార్చలేదు, పరీక్షలో అదే అడుగుతారు కాబట్టి. ఇష్టంలేకుండానే ఉంచా.

ఉద్యోగం అధ్యాయంలో ఆ పదమే తీసేశా. ‘షిఫ్టు మారొచ్చు, ఊరు మారొచ్చు. ఎవరు చెప్తే మారుతుందో, ఎన్ని రోజుల ముందు చెప్తారో చేరే ముందే అడగండి’ అని రాశా. సంపాదకురాలు ఈసారి ఎర్రసిరా వాడలేదు. పక్కన పెన్సిల్‌తో ‘రాతపూర్వకంగా’ అని చేర్చారు.

నైట్‌షిఫ్ట్
ఆవిడ ఎక్కడో పనిచేసే ఉంటారు.

గోదారిగట్టు
పుస్తకం విడుదలకి ఫ్లెక్సీ వేయిద్దామా మాస్టారూ?

పదాలవేట
వేయిద్దాం. గుడ్డది.