పక్షవాతం తర్వాత లేచి నడవడం డబ్బున్నవాళ్లకేనా?

బోరబండ_బిడ్డ:
నాన్న మేస్త్రీ. నిరుడు ఎండాకాలంలో సైట్ మీదే కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఆస్పత్రి బిల్లు ఆరోగ్యశ్రీ కింద పోయింది, అది కాదనను. డిశ్చార్జ్ చేసేటప్పుడు ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టి "రోజూ చేయించండి" అన్నారు. పక్క బెడ్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవారు, ఆయనకూ కుడి వైపే పడిపోయింది. ఇంటికే ఫిజియో వచ్చేవారు, పగలు చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్నారు. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. మా నాన్న గోడ పట్టుకుని బాత్రూంకి పోతారు, చెయ్యి ముడుచుకుపోయింది. 2023 డిసెంబర్‌లో మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు. ఇంటికొచ్చాక నెలల తరబడి చేయాల్సిన ఫిజియోకి మాత్రం మాకు ఒక్క రూపాయి రాలేదు. ప్రాణం నిలబెట్టి మనిషిని మంచం మీద వదిలేస్తే ఎట్లా?

ఫిజియో_లత:
ఇద్దరు పేషెంట్లను అలా పోల్చకండి తమ్ముడూ. మెదడులో దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత మేర తగిలింది, షుగర్ ఉందా, వయసెంత, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. "కుడి వైపే" అన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. నేను చాలా ఏళ్లుగా ఇళ్లకు వెళ్లి ఇదే పని చేస్తున్నాను. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పడిన కాలి మీద బరువు మోపడం, గ్లాసు అందుకోవడం, వీటికి పైసా ఖర్చు లేదు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే వేగంగా ఉంటుంది. చాలా ఇళ్లలో రెండు వారాలకే ఆపేస్తారు. పావురం రక్తం రాస్తే తగ్గుతుందని ఊరికి తీసుకెళ్లి ఆ మూడు నెలలూ పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

నల్లకుంట_రిటైర్డ్:
ఇంటికి పిలిపించుకోకపోతే సెంటర్‌కే వెళ్లొచ్చు కదా. ఆర్టీసీ బస్సుంది.

బోరబండ_బిడ్డ:
సార్, కాలు ఎత్తలేని మనిషి సిటీ బస్సు మెట్టు ఎట్లా ఎక్కుతాడు? ఆటో అంటే రానూ పోనూ ఛార్జీ.

నల్లకుంట_రిటైర్డ్:
మహాలక్ష్మి పథకం కింద మీ అమ్మగారికి బస్సు ఛార్జీ లేదు. మీ నాన్నగారికి వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే రాయితీ పాస్ వస్తుంది.

బోరబండ_బిడ్డ:
పాస్ ఉంటే మెట్టు ఎత్తు తగ్గదు సార్.

లత గారూ, "పైసా ఖర్చు లేదు" అన్నారు. అమ్మ అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నాన్నతో చేయించాలంటే ఒక ఇల్లు వదులుకోవాలి. వదులుకుంది కూడా. ఎట్లా పట్టుకోవాలో ఎవరూ చేసి చూపించలేదు. పడిన చెయ్యి పట్టి లేపేది, భుజం జారి నొప్పి మొదలైంది. ఆ తర్వాత నాన్న చెయ్యి ముట్టనివ్వలేదు. మీ లెక్కలో మేమూ "ఆపేసినవాళ్లమే".

బాలానగర్_వర్కర్:
అసలు తేడా జీతం దగ్గర ఉంది. మా అన్నకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా ఉంది. మామూలు జబ్బుకు ఏడాదికి 91 రోజులు 70 శాతం జీతం ఇస్తారు. ఒక వైపు పడిపోవడం వాళ్ల దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది, షరతులు కలిస్తే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు ఇస్తారు. అందుకే వదిన పనికి పోకుండా ఆయన్ని చూసుకోగలిగింది. మేస్త్రీకి, ఆటో అన్నకి, ఇళ్లలో పనిచేసే అక్కకి ఈఎస్ఐ ఎక్కడిది?

ఉప్పల్_కిరణ్:
ఇంట్లోవాళ్లకు నేర్పి చేయిస్తే చాలన్న ఆలోచనను మన దేశంలోనే పరీక్షించారు. అటెండ్ అనే ట్రయల్, 14 ఆస్పత్రులు, 1250 మంది పేషెంట్లు, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి ఇంట్లోవాళ్లకు నేర్పిన గుంపులోనూ, నేర్పని గుంపులోనూ 47 శాతమే. స్వీడన్‌లో చికిత్స ఖర్చు దాదాపు ప్రభుత్వానిదే, అయినా అక్కడి స్ట్రోక్ రిజిస్ట్రీలో (పక్షవాతం పేషెంట్ల రికార్డులో) చూస్తే ఆదాయం, చదువు తక్కువున్నవాళ్లు ఎక్కువగా ఇతరుల మీద ఆధారపడుతున్నారు.

ఫిజియో_లత:
ఆ ట్రయల్‌లో రెండో గుంపుకి కూడా ఆస్పత్రుల్లో మామూలుగా ఇచ్చే చికిత్స అందింది. దాని మీద అదనపు లాభం కనబడలేదనే అర్థం. ఇంట్లో ఏమీ చేయకపోయినా ఒకటేనని ఎక్కడా లేదు. ఇలాంటివి సగం సగం రాయొద్దు.

ఉప్పల్_కిరణ్:
సగం రాయలేదండీ. ఇంట్లోవాళ్ల మీద భారం వేసి వదిలేస్తే సరిపోదని చెప్పాను. దానికి మీ జవాబేది?

ఫిజియో_లత:
నా జవాబా? ఇళ్లకు పంపే ఏజెన్సీ పేషెంట్ దగ్గర తీసుకునేదాంట్లో సగం కూడా నాకివ్వదు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్కూటీ మీద తిరిగి, మనుషుల్ని ఎత్తీ ఎత్తీ నా నడుము పోయింది. డబ్బుల్లేవంటే ఊరికే చేసిన ఇళ్లూ ఉన్నాయి. ఇక్కడికొస్తే ఫిజియోలు డబ్బున్నవాళ్లకే అన్నట్టు మాట్లాడుతున్నారు!

బోరబండ_బిడ్డ:
మీ ఫీజు మీద ఒక్క మాటైనా అన్నానా అక్కా? నాకు తగిలింది "ఆపేస్తారు" అన్న మాట. బంధువులొచ్చి అమ్మతో అదే అంటున్నారు, సరిగ్గా చేయించి ఉంటే నడిచేవాడని. ఆమె ఆ మాటతోనే పడుకుంటుంది, లేస్తుంది. మీరు కూడా అదే రాశారు.

కెపిహెచ్‌బి_మాధవి:
అత్తగారిని చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేశాను. డబ్బున్న ఇళ్లలో కూడా ఆ పని ఆడవాళ్ల మీదే పడుతుంది.

ఫిజియో_లత:
మీ అమ్మగారిని అనలేదు. నా భయం వేరు. ఈ వారం డిశ్చార్జ్ అయిన కుటుంబం ఇక్కడికొచ్చి "డబ్బుంటేనే నడుస్తారు" అని చదివితే మొదటి రోజే చేతులెత్తేస్తుంది. ఆ మూడు నెలలు మళ్లీ రావు. ప్రభుత్వం ఇస్తుందో ఇవ్వదో తేలేదాకా పేషెంట్ కాలు ఆగదు.

బోరబండ_బిడ్డ:
మా భయం మాకుంది. "మీ చేతుల్లోనే ఉంది" అని చెప్పినంత కాలం ప్రభుత్వాన్ని ఎవరూ అడగరు. డిశ్చార్జ్ అయ్యాక ఆరు నెలలు ఫిజియో ఇంటికి రావాలి, ఆ ఖర్చు ఆరోగ్యశ్రీలో పెట్టాలి, చూసుకునే మనిషికి కూలి ఇవ్వాలి. నా అడుగు ఇదే.

ఫిజియో_లత:
ఫిజియోని పథకంలో పెట్టాలంటే నేనూ సంతకం పెడతాను. "డబ్బే కారణం" అన్నది మాత్రం ఒప్పుకోను. నాన్నగారి చెయ్యి ఎవరూ బలవంతంగా సాగదీయకండి. భుజం కింద దిండు పెట్టండి, లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, నడుము దగ్గర పట్టుకోవాలి. దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఒకసారి చూపించండి. బిగుసుకుపోయినదానికి మందులు, స్ప్లింట్ (చెయ్యి ముడుచుకోకుండా కట్టే పట్టీ) ఉంటాయి.

బాలానగర్_వర్కర్:
తమ్మీ, నాన్నకు లేబర్ కార్డు ఉందా? భవన నిర్మాణ కార్మికులకు 1996 చట్టం కింద పెట్టిన సంక్షేమ బోర్డు ఉంది. పెద్ద జబ్బుల వైద్య ఖర్చుకు సాయం చేయొచ్చని ఆ చట్టంలో రాశారు.

బోరబండ_బిడ్డ:
కార్డు ఉంది అన్నా, రెన్యువల్ కాలేదు. నాన్న పడిపోయాక ఎవరికీ అది గుర్తే లేదు. రేపు లేబర్ ఆఫీసుకు పోయి అడుగుతా.