విజయనగరం నుంచి ఒక్కరోజు కారు యాత్ర: గుళ్లతోపాటు కోటలు కూడా పెట్టుకోవాలా, వదిలేయాలా?

చంపావతి_ఒడ్డు:
ఆరుగురం. అందులో ఇద్దరు డెబ్బై దాటినవాళ్లు. కారు మాట్లాడుకుని విజయనగరంలో బయలుదేరి అదే రాత్రికి తిరిగి రావాలి. నేను వేసుకున్న వరస: అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం (బౌద్ధ శిథిలాల కొండ), శ్రీముఖలింగం, దంతవరపుకోట, బొబ్బిలి కోట, చివరికి విజయనగరం కోట. వచ్చే చుట్టాలు గండికోట చూసినవాళ్లు. "గుళ్లు సరే, ఒక్క రాతికోటైనా లేకపోతే ఎలా" అంటున్నారు. ఇదంతా ఒక్క రోజులో అవుతుందా? కాకపోతే కోటలు తీసేయాలా, గుళ్లు తగ్గించాలా?

గార_కుర్రోడు:
ఏటండీ ఈ లిస్టు! ఏడు చోట్లు, ఒక్క పగలు. లెక్క చూడండి. విజయనగరం నుంచి అరసవల్లి డెబ్బై కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీకూర్మం, శాలిహుండం దగ్గర దగ్గరే, రెండూ గార మండలంలోవే. శాలిహుండం నుంచి ముఖలింగానికి యాభై దాటుతుంది. ముఖలింగం నుంచి ఇంటికి ఇంకో నూట పదిహేను వరకూ. ఇంతవరకే రెండొందల డెబ్బై. ఇందులో బొబ్బిలి కలిపితే శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా డెబ్బై, బొబ్బిలి నుంచి విజయనగరం మళ్లీ యాభై అయిదు, అరవై. మొత్తం మూడొందల ముప్పై. మన రోడ్ల మీద, ఊళ్లు దాటుకుంటూ, గంటకు నలభై చొప్పున వేసుకోండి. ఎనిమిది గంటల పైన కారులోనే కూర్చుంటారు. ఇక చూసేదేటి?

కోటలు తీసేయండి. నా మాట ఇంతే.

వేగావతి:
తమ్ముడూ, కిలోమీటర్ల లెక్క బాగుంది గానీ తీసేయాల్సింది బొబ్బిలి ఎందుకవ్వాలి? ఉత్తరాంధ్రకి వచ్చినవాళ్లకి బొబ్బిలి చూపించకుండా పంపిస్తామా! 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు ఎదురు నిలిచిన ఊరది. యుద్ధ స్మారకం ఉంది. రాజావారి దర్బారు మహల్ ఉంది. పక్కనే గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి అతుకు లేకుండా ఏకాండి వీణలు చేస్తారు. వరసగా నాలుగు చోట్లు తిరిగితే మూడో చోటికే పెద్దవాళ్లు కారు దిగరు. మధ్యలో మార్పు ఉండాలి. శాలిహుండం తీసేసి బొబ్బిలి పెట్టండి.

శాసనపాఠకుడు:
వేగావతి గారూ, ఒక్క విషయం ముందే చెప్పకపోతే ఆ చుట్టాలు మోసపోయామనుకుంటారు. ఏ కోట కోసమైతే బొబ్బిలి వెళ్తారో ఆ కోట ఇప్పుడు లేదు. 1757లో పడినది మట్టిగోడల కోట. యుద్ధంతోనే అది నాశనమైంది. ఇప్పుడు చూపించేవి తర్వాతి కాలపు భవనాలు, స్మారక స్తంభం. భవనాలు కూడా రాజకుటుంబానివే. అనుమతి లేకుండా లోపలికి వెళ్లలేం. గండికోట బురుజుల్ని ఊహించుకుని వచ్చినవాళ్లకు గేటు బయటి నుంచి మహల్ చూపిస్తే ఏం చెప్పుకుంటాం?

అసలు "రాతికోట" అన్న కోరికే ఇక్కడికి నప్పదు. గండికోటకు పెన్నా లోయ కందకం. కొండవీడు, కొండపల్లిలకు కొండే గోడ. శ్రీకాకుళం, విజయనగరంలో పాలించినవాళ్లు నాగావళి, వంశధార, చంపావతి ఒండ్రు మైదానంలో ఊళ్లు కట్టారు. దగ్గర్లో దొరికేది మన్ను. కాబట్టి మట్టి కట్టలే కోటలు. దంతవరపుకోట అలాంటిదే. దూరం నుంచి చెరువు గట్టులా కనిపిస్తుంది, ఆ గట్టు లోపల పొలాలు. బండి దారుల కోసం కట్ట తెగిన చోట నిలబడితే మన్ను ఎంత మందంగా పోశారో తెలుస్తుంది. అది తెలిసినవాళ్లకి గొప్ప చోటు, తెలియనివాళ్లకి వట్టి గట్టు. రాతి గోడే కావాలంటే విజయనగరం కోట ఉంది, 1713లో కట్టింది. అది ఇంటి దగ్గరే, దానికి యాత్రలో చోటు అక్కర్లేదు. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి మూలమూలా తిరగనివ్వరు. రెండు ద్వారాలు, ప్రహరీ చూడటానికి ముప్పావు గంట చాలు. రాత్రి తిరిగొచ్చాక కాదు, ముందు రోజు సాయంత్రమే చూపించేయండి.

చంపావతి_ఒడ్డు:
దంతవరపుకోట ముఖలింగానికి దగ్గరే కదా? మ్యాప్‌లో వేలెడు దూరం కనిపిస్తోంది.

గార_కుర్రోడు:
ఆ వేలు కింద వంశధార ఉంది! దంతవరపుకోట సరుబుజ్జిలి మండలం, ఏటికి కుడి వైపు. ముఖలింగం జలుమూరు మండలం, ఎడమ వైపు. గీత గీసినట్టు దాటేయడానికి కుదరదు, వంతెన ఎక్కడుందో చూసుకుని చుట్టూ తిరగాలి. ఫోన్ చెప్పిన పొట్టి దారి పట్టుకుని ఏటి గట్టు మీద ఆగిపోయేవాళ్లు ఇలాగే తయారవుతారు. ఆమదాలవలస, సరుబుజ్జిలి మీదుగా దంతవరపుకోట వేరే పూట పెట్టుకోండి. అది కూడా వానాకాలంలో వద్దు. కట్ట మీద బురద చెప్పుల్ని వదలదు.

ముఖలింగానికి దారి: హైవే మీద మడపాం దగ్గర వంశధార దాటడం, నరసన్నపేటలో దిగడం, చల్లవానిపేట మీదుగా జలుమూరు వైపు. ముందుగా తిండి నరసన్నపేటలోనే కానివ్వండి. ముఖలింగం చిన్న ఊరు, అక్కడ హోటలు భోజనం మీద ఆశ పెట్టుకోకండి. పులిహోర, దద్దోజనం కట్టుకుపోతే ఇంకా నయం.

రాయీ_రప్పా:
రాతి మీద కోరిక తీరాలంటే నా ఓటు రామతీర్థానికి. విజయనగరం నుంచి పన్నెండు కిలోమీటర్లు, నెల్లిమర్ల దాటాక. బోడికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ: మూడూ రాతి గుట్టలే. గురుభక్తులకొండ మీద ఇటుక స్తూపాల, విహారాల పునాదులు. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు జైన శాసనం. కోట కాదు నిజమే, కానీ రాయి ఎక్కాలన్న సరదా తీరుతుంది. మన దగ్గర రాతి గుట్టలు రాజులకన్నా ముందు భిక్షువులకి దొరికాయి మరి.

ఒక్కటే పట్టింపు. ఎనిమిదిలోపు కొండ దిగిపోవాలి. ఆ తర్వాత నల్లరాయి కాళ్లు కాల్చేస్తుంది. పైన నీడ తక్కువ. మనిషికి లీటరు నీళ్లు ఉండాలి. వాన పడిన మర్నాడు నాచు పట్టిన పలకల మీద పట్టు దొరకదు, ఆ రోజు మానుకోండి. డెబ్బై ఏళ్లవాళ్లను కింద రామస్వామి గుడి దగ్గర కూర్చోబెట్టి మిగిలినవాళ్లు ఎక్కొచ్చు.

వేగావతి:
అంటే తెల్లారి రామతీర్థం ఎక్కి, ఎనిమిదికి దిగి, అప్పుడు శ్రీకాకుళం బయలుదేరతారా? అరసవల్లి చేరేసరికి పదిన్నర. శ్రీకూర్మం పన్నెండు. గుడి తలుపులు మూస్తుంటే చేతులు జోడించి వచ్చేయాలి. బొబ్బిలిని దూరమని తీసేసి రామతీర్థాన్ని ఇరికిస్తున్నారు. అదేం న్యాయం?

రాయీ_రప్పా:
ఇరికించమనలేదమ్మా. రామతీర్థం, విజయనగరం కోట ముందు రోజు. తెల్లారి కొండ, సాయంత్రం కోట. కారు యాత్ర మర్నాడు.

శాసనపాఠకుడు:
అది సబబు. ఇక అసలు తగువు వరస గురించి జరగాలి, ఎవరూ మాట్లాడలేదు. అరసవల్లి, శ్రీకూర్మం మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య మూస్తారు, మళ్లీ మూడు దాటితేనే. కాబట్టి ఈ రెండూ పొద్దున్నే అయిపోవాలి. కొందరు ముఖలింగం ముందు పెట్టమంటారు, పొద్దున ప్రశాంతంగా ఉంటుందని. అలా వెళ్తే వెనక్కి వచ్చేసరికి శ్రీకూర్మం తలుపులు మూసి ఉంటాయి, మూడు గంటలు ఊరికే పోతాయి. ముఖలింగాన్ని మధ్యాహ్నానికి ఉంచుకుంటే ఆ చిక్కు లేదు. అక్కడి పెద్ద గుడిలో మధుకేశ్వరుడి గర్భాలయం కాసేపు మూసి ఉన్నా, ఊళ్లోనే ఉన్న సోమేశ్వరాలయం గోడలు చూస్తుండొచ్చు. దానికి ముందు మండపం లేదు. ఒంటిగా నిలిచిన శిఖరం, శిల్పమంతా బయటి గోడల మీదే. ద్వారబంధం దగ్గరికి వెళ్లి కింద గంగాయమునల నుంచి పైన గ్రహాల వరస దాకా మెల్లగా చూడండి. పావుగంట అక్కడే పోతుంది, పోనివ్వండి. భువనేశ్వర్ తొలి ఆలయాల పోలిక ఉట్టిపడుతుంది. కళింగనగరం అని శాసనాలు పిలిచిన రాజధాని ఇదే. చోడగంగుడి కాలంలో రాజధాని కటకానికి (ఇప్పటి కటక్) మారేదాకా తూర్పు గాంగ రాజులు ఇక్కడి నుంచే పాలించారు.

కోట చూపించలేదని బాధపడేవాళ్లకి ఇదే నా జవాబు. రాజధానినే చూపిస్తున్నారు కదా! గోడ కరిగిపోయింది, గుళ్లు మిగిలాయి.

రాయీ_రప్పా:
ఫొటోల వాళ్లకీ మధ్యాహ్నం మూడు తర్వాతే మంచిది. పన్నెండు గంటల ఎండ నెత్తిమీద పడితే గూళ్లలో బొమ్మల ముఖాలన్నీ నీడలో ఉండిపోతాయి. ఏటవాలు వెలుగు వస్తేనే లతల చెక్కుడు లేచి కనిపిస్తుంది. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, గర్భాలయంలో ఫొటో ఎటూ వద్దంటారు.

స్టీరింగ్:
గుళ్లు, కోటలు మీరు తేల్చుకోండి. బండి సంగతి నేను చెప్తాను.

"ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు" అన్న లోకల్ ప్యాకేజీ దీనికి పనికిరాదు. అదనపు కిలోమీటరుకీ, అదనపు గంటకీ వేరువేరుగా కలిపి చివర్లో కళ్లు తిరిగే లెక్క చెప్తారు. రోజుకి కనీసం రెండొందల యాభై లేదా మూడొందల కిలోమీటర్లు లెక్కగట్టే అవుట్‌స్టేషన్ రేటు మాట్లాడుకోండి. బొబ్బిలి లేకుండా రెండొందల డెబ్బై కాబట్టి మూడొందల లెక్కలో సరిపోతుంది. బొబ్బిలి పెడితే దాటేస్తుంది. మాట్లాడుకునేటప్పుడే అడగాల్సినవి: కిలోమీటర్లు షెడ్డు నుంచి షెడ్డుకా, మీ గుమ్మం నుంచి గుమ్మానికా? టోల్, పార్కింగ్ ఎవరివి? దారిలో హైవే మీద టోల్ ఉంది, రానూపోనూ పడుతుంది. రాత్రి ఎన్ని గంటలు దాటితే డ్రైవరు బత్తా పెరుగుతుంది?

ఆరుగురికి ఏడు సీట్ల బండి కావాలి. వెనక వరసలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, పెద్దవాళ్లని అక్కడ ఎక్కించకండి, మధ్య వరసలో కూర్చోబెట్టండి. పసుపు నంబరు ప్లేటు ఉందో లేదో చూడండి. తెలిసినవాడని తెల్ల ప్లేటు కారు అద్దెకు తీసుకుంటే, జరగరానిది జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

ఇంకోటి, మధ్యదారిలో ఎవరో ఒకరు "పర్లాకిమిడి పక్కనే కదా, మహేంద్రగిరి కూడా చూసేద్దాం" అంటారు. అది ఒడిశా. ట్యాక్సీకి పర్మిట్ ఉండాలి. పైగా పదిహేను వందల మీటర్ల కొండ. ఆ మాట వినిపించగానే ఏసీ పెంచి పాటలు పెట్టేయండి.

వేగావతి:
స్టీరింగ్ గారూ, బాగా చెప్పారు. సరే, ఒక్క రోజులో బొబ్బిలి పట్టదని ఒప్పుకుంటాను. వంశధార వైపు ఒక రోజు, బొబ్బిలి వైపు ఒక రోజు. కానీ "అక్కడ ఏమీ లేదు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. యుద్ధం జరిగిన నేల మీద నిలబడటానికి గోడలే ఉండాలా? శాసనపాఠకుడు గారు ముఖలింగంలో కరిగిపోయిన కోటని మెచ్చుకుంటారు, బొబ్బిలిలో కరిగిపోయిన కోటని మాత్రం లేదంటారు!

శాసనపాఠకుడు:
ఆ దెబ్బ తగిలింది. అయినా తేడా ఉందండీ. ముఖలింగంలో ఆ కాలపు రాయి మూడు గుళ్లుగా మీ ముందు నిలబడి ఉంది. బొబ్బిలిలో ఆ కాలం కథలో ఉంది. కథ చెప్పగలిగినవాళ్లు వెంట ఉంటే బొబ్బిలి పెట్టుకోండి, లేకపోతే వద్దు.

చంపావతి_ఒడ్డు:
అందరికీ దండాలు. ఇలా అనుకుంటున్నా. ముందు రోజు రామతీర్థం, సాయంత్రం విజయనగరం కోట. మర్నాడు తెల్లవారుజామున అయిదుకి బయలుదేరి ఆరున్నరకి అరసవల్లి, ఎనిమిదిన్నరకి శ్రీకూర్మం, పదిన్నరకి శాలిహుండం, ఒంటిగంటకి నరసన్నపేటలో భోజనం, రెండున్నర నుంచి అయిదు దాకా ముఖలింగం. రాత్రి ఎనిమిదికి ఇల్లు. వచ్చే ఆదివారం.

గార_కుర్రోడు:
ఆదివారమా! అరసవల్లికి ఆదివారం వెళ్లడమేటండీ, సూర్యుడి వారం. ఉచిత దర్శనం లైనులోనే మీ ఎనిమిదిన్నర దాటిపోతుంది. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. సూర్యకిరణాలు పాదాల మీద పడే రోజులు, మార్చి 9, 10, అక్టోబరు 1, 2, వాటిని కూడా తప్పించండి. జనం విరగబడతారు, మబ్బు పట్టిందంటే ఆ వెలుగూ ఉండదు.

పదిన్నరకి శాలిహుండం కూడా నాకు నచ్చలేదు. కొండ మీదికి మెట్ల దారి, ఎండ. పెద్దవాళ్లు కింద మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూస్తూ ఉంటారు. దాని వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి. పైకి వెళ్లేవాళ్లు ఇటుక స్తూపాల పునాదులు చూసి, అక్కడి నుంచి వంశధార సముద్రంలో కలిసే వైపు ఒక్కసారి చూసి దిగిపోవాలి. నలభై అయిదు నిమిషాలు, అంతకు మించొద్దు.

శాసనపాఠకుడు:
ఆ కొండ మీద బౌద్ధ శిథిలాల్ని 1919లో లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి గారే. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. ముఖలింగం గుడి శాసనాల్ని తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. కాబట్టి శాలిహుండం తీసేయడానికి నేను ఒప్పుకోను.

శ్రీకూర్మానికి మీరిచ్చిన సమయం మాత్రం సరిగ్గా ఉంది. తూర్పున, పడమరన రెండు ధ్వజస్తంభాలు, పడమర ముఖంగా దేవుడు. దర్శనం అవగానే వచ్చేయకండి. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి, చెమ్మకి చాలాచోట్ల వెలిసిపోయాయి. చేత్తో తాకకండి, ఫ్లాష్ వేయకండి. స్తంభాల మీద తెలుగు శాసనాలు వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా ఉన్నాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరితీర్థులు 1281లో వేయించిన శాసనం కూడా ఈ గుడిలోదే.

వేగావతి:
బుధవారం ఖాయమైతే చెప్పండి. గురువారం బొబ్బిలికి తీసుకొచ్చేయండి, గొల్లపల్లిలో వీణలు చేసేచోట పొద్దున పూటే పని జోరుగా ఉంటుంది.

స్టీరింగ్:
రెండు రోజులకీ ఒకే బండి మాట్లాడితే రేటు తగ్గించమని అడగండి. డ్రైవరుకి మధ్యలో ఆరు గంటల నిద్ర ఉండేలా చూడండి. అయిదింటికి బయలుదేరాలంటే ముందు రోజు రాత్రే ట్యాంకు నింపించుకోమనండి.