జీఎస్టీ లేని చిన్న దుకాణానికి డెబిట్ కార్డు రుసుము తగ్గించుకోవడం ఎలా?

ఖమ్మంలో మాది చిన్న చీరల దుకాణం. గత ఆర్థిక సంవత్సరం అమ్మకాలు 20 లక్షల లోపే, అందుకే జీఎస్టీ నమోదు లేదు. యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద బ్యాంకు ఏమీ కోయడం లేదు. క్రెడిట్ కార్డుల రుసుముకు రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టలేదని తెలుసు, దాని గురించి అడగడం లేదు. చిక్కంతా రూపే కాని (వీసా, మాస్టర్‌కార్డ్ వంటి) డెబిట్ కార్డులతోనే.

5,000 రూపాయల చీర అమ్మితే 0.90 శాతం చొప్పున 45 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 8.10, మొత్తం 53.10 పోతోంది. 2018 జనవరి 1 నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 20 లక్షల లోపు వ్యాపారి దగ్గర స్వైప్ మిషన్ మీద 0.40 శాతానికి మించి తీసుకోకూడదు. అంటే పన్నుతో కలిపి 23.60.

కాల్ సెంటరుకు ఫోను చేశాను. బ్రాంచిలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఉద్యం ధ్రువపత్రం (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం), ఐటీ రిటర్ను, కరెంటు ఖాతా స్టేట్‌మెంటు జతచేశాను. టర్నోవరుకు రుజువుగా జీఎస్టీ రిటర్నే కావాలని తిప్పి పంపారు. నమోదే అక్కర్లేనివాడు రిటర్ను ఎక్కడి నుంచి తెస్తాడు? మిషన్ తిరిగి ఇచ్చేయమని మాత్రం చెప్పకండి, పెళ్లిళ్ల సీజనులో కార్డు తీసుకోకపోతే బేరం పక్క దుకాణానికి పోతుంది.

జీఎస్టీ నమోదు లేకుండానే 0.40 శాతానికి మార్పించుకున్నవారు ఉంటే, మీ బ్యాంకు ఏ పత్రాన్ని టర్నోవరు రుజువుగా ఒప్పుకుందో చెప్పగలరా?